విశాఖ నుంచి శ్రీలంకకు ఓడ వేస్తే ఎక్కేదెవరు?

విశాఖలో క్రూజ్ టెర్మినల్ కట్టారు కదా, అక్కణ్ణుంచి శ్రీలంకకు ప్యాసింజర్ ఫెర్రీ వేస్తే గిట్టుబాటవుతుందా అని అడిగారు. ఓడల వ్యాపారం నాకు తెలియదు. నాగపట్నం నుంచి జాఫ్నా పక్కనున్న కాంకేసన్‌తురైకి వెళ్లే ఫెర్రీ కోసం ఒకసారి తిప్పలు పడి, రెండోసారి ఎక్కాను. అంతవరకే నా అనుభవం.

అది 2023 అక్టోబర్ 14న మొదలైంది. 150 సీట్ల ఓడ, పన్నుతో కలిపి టికెట్ 7,670 రూపాయలు. నేను నెలాఖరుకు బుక్ చేసి సెలవు కూడా పెట్టుకున్నాను. ఈశాన్య రుతుపవనాలు వస్తున్నాయని వారం తిరక్కుండానే ఆపేశారు. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ, ఆ తీరంలో అక్టోబర్ వానలు కొత్తేమీ కాదుగా! 2024 ఆగస్టులో ఇంకో ఓడతో మళ్లీ మొదలుపెట్టి, నవంబర్లో మళ్లీ ఆపి, 2025 ఫిబ్రవరిలో గానీ తెరవలేదు. నేను మార్చిలో వెళ్లాను.

లగేజీ తూకం దగ్గర నా ముందు యాభై ఏళ్ల ఆవిడ. బ్యాగు బరువు ఎక్కువైందని అక్కడే నేలమీద కూర్చుని చీరల కట్టలు బయటికి తీస్తోంది. నా వైపు తిరిగి, "తంబీ, నీ బ్యాగులో చోటుందా?" అంది. కస్టమ్స్ టెన్షన్‌తో కుదరదన్నాను. ఓడ ఎక్కాక ఆవిడే నా పక్క సీట్లో కూర్చుంది. ఏమీ మనసులో పెట్టుకోకుండా నిమ్మకాయ కూడా ఇచ్చింది, నా ముఖం చూసి. దూరం 110 కిలోమీటర్లే, కానీ ఆ నాలుగు గంటలూ కడుపు కుదురుగా లేదు. చీరలు అమ్ముకోడానికి నెలకోసారి వెళ్లొస్తానంది ఆవిడ. అంత సరుకు విమానంలో తీసుకెళ్తే లగేజీకి కట్టే డబ్బులకే లాభమంతా పోతుందట.

ఆ ఓడను బతికించేది ఆవిడలాంటి వాళ్లే. నాలాంటి వాడు ఒకసారి వెళ్లి, ఫొటో పెట్టి, తిరుగు ప్రయాణానికి చెన్నై విమానం ఎక్కుతాడు. నేను చేసిందీ అదే. ఓడ పెద్దదైనంత మాత్రాన చాలదు: 2011 జూన్‌లో తూత్తుకుడి నుంచి కొలంబోకు వెయ్యి మందికి పైగా పట్టే ఓడ వేశారు. నవంబర్ కల్లా మూతపడింది.

ఇక విశాఖ సంగతి. శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీకి వెళ్లాలన్నా వెయ్యి కిలోమీటర్ల పైమాటే. గంటకు 28 కిలోమీటర్ల వేగంతో పోయినా ఒకటిన్నర రోజు. అంటే పడకలు, వంటగది, డాక్టరు అన్నీ కావాలి. పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లే ఓడకు ఇంకా ఎక్కువసేపే పడుతుంది కదా అంటారేమో, దాన్ని నడిపేది ప్రభుత్వం. పైగా అక్టోబర్–డిసెంబర్ మన తీరానికీ తుఫాన్ల కాలమే, హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్లోనే. ఓడ ఆగినా జీతాలు ఆగవు. అన్నిటికీ మించి, నెలనెలా శ్రీలంకకు మూటలు మోసే వాళ్లు విశాఖలో ఎంతమంది ఉన్నారు? నాకైతే ఒక్కరూ తెలియదు. ఏడాదికి నాలుగైదు క్రూజ్ ట్రిప్పులంటే సరే, టైమ్ టేబుల్ పెట్టి నడిపే ఫెర్రీ అంటే మాత్రం నా డబ్బులు పెట్టను.

సరదా కోసమే అయితే నాగపట్నం వెళ్లి ఎక్కండి. ఏడాది చివరి మూడు నెలలు వద్దు. ఆ పొద్దున టిఫిన్ ఒక ఇడ్లీతో ఆపేయండి.