4.7 గిగాహెర్ట్జ్ ల్యాప్‌టాప్ తీసుకోవాలా, 4.2దా?

మీ చెల్లి ఇంజినీరింగ్ కోసం ఒకే ధరలో రెండు చూశామన్నారు. పల్చటిది 4.7, నాలుగు కోర్లు (అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసుకునే భాగాలు). కాస్త మందంగా ఉన్నది వేరే కంపెనీ ప్రాసెసర్, 4.2, ఆరు కోర్లు. నేనైతే 4.2దే తీసుకుంటాను.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో సిస్టమ్‌లు అసెంబుల్ చేసేవాడిని. నెల్లూరు, గూడూరు వాళ్లు పొద్దున్నే రైలెక్కి వచ్చి, కొనుక్కుని సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు. 2006 చివర్లో గూడూరు నుంచి ఒక మాస్టారు వచ్చారు. బల్ల మీద రెండు సిస్టమ్‌లు, రెండింట్లోనూ ఇంటెల్ ప్రాసెసర్లే: ఒకదాంట్లో 3 గిగాహెర్ట్జ్ పెంటియం 4, పక్కదాంట్లో కొత్తగా వచ్చిన కోర్ 2 డ్యుయో, 1.86. "అంకె తక్కువున్న దానికి డబ్బులు ఎక్కువేంటి బాబూ?" అన్నారు. నోటితో చెబితే అమ్ముకోడానికే చెబుతున్నాననుకుంటారని, ఒకే పెళ్లి వీడియోని రెండింట్లోనూ కన్వర్షన్‌కి పెట్టాను. 1.86ది పూర్తయ్యేసరికి పెంటియం 4 ఇంకా సగం దగ్గరే ఉంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, రెండోది కూడా అయ్యేదాకా కదల్లేదు.

రెండు కోర్లు ఉండటం ఒక కారణం. అసలు కారణం వేరే. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని వందల కోట్ల క్లాక్ టిక్కులో చెప్పే లెక్క మాత్రమే. ఒక్కో టిక్కులో ఎంత పని జరుగుతుందో అది చెప్పదు. అంకె పెంచడానికి పెంటియం 4లో పనిని 20 దశలుగా ముక్కలు చేశారు, 2004 నాటికి అవి 31 అయ్యాయి. ముందు ఏం చేయాలో ప్రాసెసర్ వేసిన అంచనా తప్పితే అన్ని దశల్లోని పనీ పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. వేడి కూడా విపరీతం. 4 గిగాహెర్ట్జ్ తెస్తామన్న ఇంటెల్ 2004లోనే దాన్ని మానుకుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఇంకో తిరకాసుంది. డబ్బా మీది 4.7 సాధారణంగా ఒక కోర్ కాసేపు అందుకునే గరిష్ఠం. నా పల్చటి ల్యాప్‌టాప్ మీదా అంతే రాసుంది. పెద్ద ప్రాజెక్ట్ కంపైల్‌కి (రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చడానికి) పెడితే, టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ నిమిషం తిరక్కుండానే 2.3కి దిగుతుంది. ఫ్యాన్ హోరు, కీబోర్డ్ పైవరస మీద వేలు ఆనదు. ఎంత వేడిని బయటికి పంపగలదన్నదే అక్కడ వేగాన్ని తేలుస్తుంది. మందంగా ఉన్నదానికి ఆ జాగా ఉంటుంది.

షాపులో డెమో పీస్ ఇస్తే రెండింట్లోనూ ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ అనే ప్రోగ్రామ్‌లో పది నిమిషాల టెస్ట్ నడిపించండి. ఛార్జర్ పెట్టే నడపాలి, బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి.