ఎడమ చెయ్యి తడుస్తోందంటే

చిరంజీవి శ్రీనుకి,

ఎడ్మండ్స్‌లో డైవ్ చేసిన ప్రతిసారీ ఎడమ చెయ్యి తడుస్తోందనీ, కొత్త డ్రైసూట్ (లోపలికి నీళ్లు రానివ్వని డైవింగ్ సూట్) కొనాలేమోననీ రాశావు. తొందరపడకు నాన్నా. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఎక్కడో ఒక్క చోట నీళ్లు దూరుతున్నాయి. ముందు ఆ చోటు పట్టుకుందాం.

సూట్ విప్పగానే లోపలి ఫ్లీస్‌ని చేత్తో తడిమి చూడు. మణికట్టు దగ్గర మొదలై మోచేతి వైపు తడిసి ఉంటే రిస్ట్ సీల్‌ని, అంటే మణికట్టుని బిగుతుగా పట్టుకునే రబ్బరు పట్టీని, అనుమానించు. భుజం కింద తడిస్తే అక్కడే ఉండే, సూట్‌లోని గాలిని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్‌ని చూడాలి. ఒంటినిండా పల్చగా చెమ్మ ఉంటే అది చెమటే. మీ ఎడ్మండ్స్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ సముద్రపు నీళ్లు వేసవిలోనూ చల్లగానే ఉంటాయి కదా, లోపలి ఆవిరి సూట్‌కి పట్టి నీరవుతుంది. దాన్ని లీక్ అనుకుని చాలామంది ఊరికే టెన్షన్ పడతారు.

రిస్ట్ సీల్ బాగున్నా నీళ్లు రావచ్చు. కెమెరా గట్టిగా పట్టుకుంటే మణికట్టు దగ్గరి కండరాల తాళ్లు (టెండన్లు) పైకి తేలి, వాటి పక్కన సన్నటి సందు ఏర్పడుతుంది. ఒక డైవ్ చెయ్యి వదులుగా ఉంచి చేసి చూడు. సీల్ లేటెక్స్ రబ్బరుని కొంచెం సాగదీసి వెలుతురులో పరీక్షించు. పగుళ్లు కనిపించినా, వేలికి జిగటగా అంటినా దాన్ని మార్చాల్సిందే. అతుకులు వేసి నెట్టుకురావద్దు. ఎగ్జాస్ట్ వాల్వ్‌లో అయితే ఎక్కువగా ఫ్లీస్ నూగు ఇరుక్కుంటుంది. గోరువెచ్చని మంచినీళ్లతో బాగా కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

అప్పటికీ తేలకపోతే ఇంట్లోనే పరీక్ష చెయ్యి. చేతుల సీల్స్‌లో ఖాళీ సీసాలు, మెడ సీల్‌లో తగిన సైజు బంతి బిగించి, జిప్ వేసి, ఎగ్జాస్ట్ వాల్వ్ మూసి, ఇన్‌ఫ్లేటర్‌తో (సూట్‌లోకి గాలి పంపే బటన్ వాల్వ్) గాలి నింపు. మరీ బిగువుగా వద్దు. గిన్నెలు తోమే సబ్బునీళ్లు స్పాంజితో పూస్తూ పోతే లీకున్న చోట బుడగలు లేస్తాయి. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టు. కడిగి, పూర్తిగా ఆరాక, లోపలివైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆక్వాసీల్ జిగురు పల్చగా రాయి. మందంగా రాస్తే గట్టిపడటానికి చాలాసేపు పడుతుంది. ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వు. నీది ట్రైలామినేట్ (మూడు పొరల పల్చటి బట్ట) సూట్ కాబట్టి ఈ పని తేలిక. నియోప్రీన్ (నురగలాంటి మందపాటి రబ్బరు) సూట్‌లో అయితే నీళ్లు ఒకచోట దూరి ఇంకోచోట బయటపడతాయి.

నువ్వు అడగకపోయినా ఇన్‌ఫ్లేటర్ బటన్ గురించి చెప్పాలి. చెయ్యి తడిస్తే చలేస్తుంది, అంతే. ఉప్పు పేరుకుని ఆ బటన్ లోపలే ఇరుక్కుపోతే మాత్రం సూట్‌లోకి గాలి ఆగకుండా వచ్చి నిన్ను పైకి లాగేస్తుంది. అంత వేగంగా పైకొస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం, డీకంప్రెషన్ జబ్బు (రక్తంలో, ఒంట్లో గాలి బుడగలు ఏర్పడటం) రావచ్చు. అందుకే ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లతో కడుగు. నీళ్లలో దిగేముందు నాలుగుసార్లు నొక్కి, బటన్ వెంటనే పైకి వస్తోందో లేదో చూడు. అది పైకి రావడంలో కొంచెం నెమ్మదించినా ఆ రోజు డైవ్ మానుకో. గ్లోవ్స్ వేసుకుని ఇన్‌ఫ్లేటర్‌కి గాలి తెచ్చే గొట్టం ఊడదీయడం కూడా చూడకుండా చేయగలిగేలా ప్రాక్టీస్ చెయ్యి.

జిప్ ఇత్తడిదైతే బయటి పళ్లకు పారఫిన్ మైనం రుద్దు. ప్లాస్టిక్‌దైతే కంపెనీ ఇచ్చిన గ్రీజు, మూసుకునే చివర దగ్గర మాత్రమే. సిలికోన్ స్ప్రే దగ్గరికి రానివ్వకు, తర్వాత ఏ జిగురూ అంటుకోదు. జిప్ దగ్గర సూట్‌ని మడత పెట్టొద్దు. జిప్ పాడైతే షాపుకే ఇవ్వు, అది ఇంట్లో చేసే పని కాదు.

సీల్స్‌కి వాసన లేని పౌడరే వాడు. సూట్‌ని నీడలో ఆరబెట్టు. గరాజ్‌లో ఫ్రీజర్ పక్కన పెట్టకు, మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ లేటెక్స్‌ని తినేస్తుంది.

ఈ శనివారం సబ్బునీళ్ల పరీక్ష చేసి బుడగలు ఎక్కడొచ్చాయో ఫోటో తీసి పంపు. వాల్వ్ చుట్టూ వస్తే ముందు అది వదులైందేమో చేత్తో తిప్పి చూడు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ