కట్ పడ్డ ప్రతిచోటా శబ్దం మారుతోందా? ముందు ఆ గదికి మళ్లీ వెళ్లు

తమ్ముడూ, క్లాసులో చేసిన 2 నిమిషాల ఎక్సర్‌సైజ్ చక్కగా వచ్చిందని, చెన్నై కోడంబాక్కంలో గది అద్దెకు తీసుకుని తీసిన 12 నిమిషాల సినిమా మాత్రం ఎడిట్‌లో అతకడం లేదని, కట్ పడ్డ ప్రతిచోటా వెనక శబ్దం మారిపోతోందని రాశావు.

ఎక్సర్‌సైజ్‌లో చూసేది ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి కదలిక కలిసిందా లేదా అన్నదే. సినిమాలో చెవికి కూడా అతకాలి. ఒక షాట్ పొద్దున 9కి, దాని ఎదురు షాట్ సాయంత్రం 5కి తీస్తే రోడ్డు చప్పుడు ఒకేలా ఉండదు.

మళ్లీ షూట్ పెట్టుకోకు, టెన్షన్ పడకు. రికార్డర్ తీసుకుని అదే గదికి వెళ్లు. ఫ్యాను, కిటికీలు ఆ రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంచి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రూమ్ టోన్, అంటే ఆ గదిలో మామూలుగా వినిపించే చప్పుడు, రికార్డు చెయ్యి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మాటల మధ్య ఖాళీల్లో అది పరిచి, అతుకుల దగ్గర ఒక శబ్దం తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా చిన్న క్రాస్‌ఫేడ్ ఇవ్వు. నిశ్శబ్దంగా ఉన్న షాట్ కింద చప్పుడున్న షాట్ టోన్ కలుపు.

నా డిప్లొమా సినిమాలో అమ్మ ఏడుస్తుంటే వెనక కుక్కర్ విజిల్ సగంలో తెగిపోయింది. మా వంటింట్లో విజిల్ మొత్తం రికార్డు చేసి పెట్టాకే ఆ సీన్ నిలబడింది.

నువ్వు షూట్ చేసింది బుధవారం కదా, ఆదివారం మాత్రం వెళ్లకు. ఆ రోజు రోడ్డు చప్పుడే వేరు.