ఫోన్ తెర టీవీలో కనిపించాలంటే

ప్రశ్న: మాది స్మార్ట్ టీవీయే. మా అమ్మాయి పెళ్లి ఫొటోలు ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి టీవీలో చూపిద్దామంటే ఫోన్‌లో టీవీ పేరే రావడం లేదు. కేబుల్ కొనాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అప్పుడే కొనకండి. ముందు రెండూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో చూడండి. చాలా ఇళ్లల్లో రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంది, గెస్ట్ అని ఉన్నదానికి ఫోను, అసలుదానికి టీవీ కలిసి ఉంటే ఒకదానికొకటి కనిపించవు. అది సరిగ్గానే ఉంటే, ఫోన్‌లో పైనుంచి కిందికి లాగితే వచ్చే బొమ్మల్లో కాస్ట్ అని ఉంటుంది (శాంసంగ్‌లో స్మార్ట్ వ్యూ), అది నొక్కండి. కొన్ని టీవీల్లో ముందు రిమోట్‌తో సోర్స్‌లోకి వెళ్లి స్క్రీన్ మిర్రరింగ్ తెరిచి ఉంచాలి. ఈ పద్ధతిలో ఎక్కువగా వాడే, ఫోన్ తెరను నేరుగా టీవీకి పంపే మిరాకాస్ట్ అనే టెక్నాలజీ 2012లో వచ్చింది, దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, కానీ గూగుల్ పిక్సెల్ ఫోన్లలో అది లేదు.

ఒక్క మాట. మిర్రరింగ్‌లో ఫోన్ తెర మొత్తం టీవీకి ఎక్కుతుంది, మధ్యలో వచ్చే వాట్సాప్ మెసేజ్‌తో సహా! చుట్టాలంతా కూర్చుని ఉంటే డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోవడం మంచిది. అదే గూగుల్ ఫొటోస్‌లోని కాస్ట్ గుర్తు నొక్కితే ఫొటోలు మాత్రమే వెళ్తాయి, ఈ టెన్షన్ ఉండదు.

కేబుల్ సంగతికొస్తే, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి బొమ్మ పంపే ఏర్పాటే ఉండదు. ఆ ఏర్పాటునే డిస్‌ప్లేపోర్ట్ సపోర్ట్ అంటారు, అది ఉందో లేదో మోడల్ వివరాల్లో చూశాకే డబ్బులు పెట్టండి.