నీ అద్దె, సర్కారు లెక్క

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. ద్రవ్యోల్బణం తగ్గిందని టీవీలో చెబుతుంటే మా ఓనర్ 10 శాతం ఎలా పెంచుతాడు మామయ్యా, అసలు ఆ లెక్కలో ఇంటద్దె ఉందా అని అడిగావు. ఉంది. కాకపోతే నీ జీతం మీద పడేంత బరువుగా అక్కడ లేదు. ధరలు రాసుకుంటూ తిరిగే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కదా, కాస్త విడమరిచి చెబుతాను.

ముందు ఒక మాట. తగ్గిందంటే ధరలు దిగాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు.

మాకు ఒకటే రూలు: అదే కొట్టు, అదే సరుకు, అదే తూకం. 100 గ్రాముల సబ్బు అదే రేటుకు 90 గ్రాములకు దిగిందనుకో, కొనేవాళ్లకు తెలియదు గానీ మా కాగితంలో అది 11 శాతం పెరిగినట్టే. అలా వచ్చిన ధరలకు, జనం దేనికెంత ఖర్చు పెడుతున్నారో సర్వే చేసి, ఆ మేరకు బరువులు కడతారు. అలా తయారయ్యేదే వినియోగదారుల ధరల సూచీ; టీవీలో చెప్పే ద్రవ్యోల్బణం దీన్నుంచి తీసిందే. ధరల పోలికకు 2012ను ఆధార సంవత్సరంగా పెట్టుకున్న పాత సిరీస్‌లో పట్టణాల సూచీలో ఇంటికి 21.67 శాతం ఇచ్చారు. పల్లెలకు సున్నా. రెండూ కలిపిన సూచీలో 10.07 మాత్రమే. టీవీలో చెప్పేది ఈ కలిపినదే! పల్లెల్లో అద్దెకుండే టీచర్లూ నర్సులూ లేరా అని మేమూ అనుకునేవాళ్లం. 2024 ఆధారంగా వచ్చిన కొత్త సిరీస్‌లో పల్లె అద్దెల్ని కూడా చేర్చారు.

అద్దె కూరగాయల ధరలా రోజూ మారదు. అందుకే పాత పద్ధతిలో ఒక్కో ఇంటికి ఆర్నెల్లకోసారి వెళ్లి అడిగేవారు. పైగా అడిగేది అందులో ఉంటున్నవాళ్లు ఇప్పుడు కడుతున్న అద్దె. కొత్తగా దిగేవాళ్లకు బ్రోకర్ చెప్పే రేటు కాదు. కాబట్టి కొండాపూర్‌లో టు-లెట్ బోర్డుల రేట్లు ఒక్కసారిగా ఎగిరినా సూచీలోకి అది మెల్లగా, పలచబడి వస్తుంది. 2017లో తమాషా ఒకటి జరిగింది. ఏడో వేతన సంఘం ప్రకారం కేంద్ర ఉద్యోగుల హెచ్ఆర్ఏ, అంటే జీతంతో ఇచ్చే ఇంటద్దె భత్యం, పెరిగింది. ప్రభుత్వ క్వార్టర్లకు దాన్నే అద్దె కింద లెక్కేసేవారు కాబట్టి, బయట ఏ ఓనరూ పెంచకపోయినా ఇంటి సూచీ పైకి లేచింది.

ఇక ఫ్లాట్ కొనే సంగతి. ఫ్లాట్ ధర గానీ దానికి కట్టే ఈఎంఐ గానీ ఈ సూచీలో ఉండవు. ఇల్లు కొనడాన్ని పెట్టుబడిగా చూస్తారు, వాడకంగా కాదు. అందులో కాపురం ఉన్నందుకు పడే అద్దె మాత్రమే వాడకం. ఇళ్ల ధరలు చూడాలంటే నేషనల్ హౌసింగ్ బ్యాంక్ రెసిడెక్స్ వేరే ఉంది. మీ నాన్న డీఏ (కరువు భత్యం) లెక్క కూడా వేరే: పారిశ్రామిక కార్మికుల సూచీ, లేబర్ బ్యూరోది. వీటిని కలగాపులగం చేయకు.

నువ్వు చేయాల్సింది నీ సొంత లెక్క. నిరుడు ఇదే నెల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీయి. మాటవరసకు నెల ఖర్చు 50,000 అనుకుందాం. అందులో అద్దె 20,000, అది 22,000 అయింది. సరుకులు 10,000, 300 పెరిగాయి. మిగతావి 20,000, అవి 1,000 పెరిగాయి. మొత్తం 3,300, అంటే 6.6 శాతం. ఈ 6.6లో 4 ఒక్క అద్దెదే. బయట తినడం ఎక్కువై పెరిగిన ఖర్చును మాత్రం ధరల మీదికి తోయకు, అది నీ అలవాటు! ఆఫీసులో హైక్ అడిగేటప్పుడు ఈ కాగితం పెట్టుకో, టీవీ అంకె కాదు.

ఓనర్ దగ్గర మాత్రం ద్రవ్యోల్బణం ఊసెత్తకు. ఆయనకు తెలిసింది పక్క ఫ్లాట్ రేటు. మీ అపార్ట్‌మెంట్‌లోనే పాతవాళ్లు ఎంత కడుతున్నారో వాచ్‌మన్‌ను అడుగు, ఆ అంకెతో మాట్లాడు. ఒక నెల ఖాళీగా ఉంటే, మళ్లీ రంగులేయిస్తే ఆయనకు ఎంత పోతుందో నెమ్మదిగా గుర్తుచెయ్యి. 5 శాతానికి దిగితే ఒప్పుకో. అగ్రిమెంట్‌లో మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందో, విడిగానో రాయించు. చాలామంది అద్దె తగ్గించినట్టే తగ్గించి దాన్ని పెంచుతారు.

ఆశీస్సులతో,
మామయ్య