తుపాకీకి పేరెందుకు పెడ్తరంటే, మా ముసలమ్మ సంగతి చెప్త

తుపాకీ ఉన్నోళ్లు దానికి మనిషి పేరెందుకు పెడ్తరని అడిగిండ్రు. చానమంది ప్రేమ అంటరు, నేనైతే ఒప్పుకోను. అమెరికాల పేరుమోసిన వేటగాడు డేవీ క్రాకెట్ తన రైఫిల్‌ను ఓల్డ్ బెట్సీ అని పిలుచుకున్నడు, అది గొప్ప చెప్పుకునుడు. 1687ల ఔరంగజేబు గోల్కొండ మీద పేల్చిన ఫిరంగికి ఫతే రహ్‌బర్ అని పేరు, అది లోపలున్నోళ్లు గజగజ వణకాలని. మా దిక్కు మాత్రం పేరు పెట్టేది దాసిపెట్టనీకి.

మాది అచ్చంపేట పక్కపొంటి, నల్లమల అంచు. మా అమ్మోళ్ల నాయనకు లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ ఉండె, దాని కట్టె మడమ పగిలితే రాగి తీగ చుట్టిండు. అవి అన్నలు, అంటే నక్సలైట్లు తిరిగే రోజులు, లైసెన్స్ తుపాకులు ఎవరింట్ల ఉన్నయో ఆరా తీసి రాత్రిపూట వచ్చి పట్టుకపోయేటోళ్లు, తెల్లారితే పోలీసోళ్లొచ్చి ‘గుంజుకున్నరా, నువ్వే ఇచ్చినవా’ అని పానం తీసేటోళ్లు. గందుకే తుపాకీ అన్న మాటే ఇంట్ల వినవడొద్దు. దాని పేరు ముసలమ్మ.

ఒకసారి దసరాకు మా చిన్నాయన వచ్చిండు, కొత్తల్లుడు. అరుగు మీద కూసొని చాయ్ తాగుతుండు, లోపల్నించి తాత ఒర్రుతుండు: ‘ముసలమ్మ మూతి తుడిచిండ్రా? జర్రంత నూనె పోసి పేలిక దూర్చి గుంజుండ్రి, మాపటికి మంచం కిందికి తోసెయ్యుండ్రి’. ఆయనకు చాయ్ గొంతుల్నే ఆగింది. ‘పెండ్లిల ఈ ముసలామెను చూడలే గదా’ అని చిన్నమ్మను మెల్లగ అడిగితే, ఆమె నవ్వు ఆపుకొని ‘మా మేనత్త, మంచంల పడ్డది’ అన్నది. మంచి మనిషి పాపం, తెల్లారి అచ్చంపేట పోయి పండ్లు కొనుక్కొచ్చిండు, దండం పెట్టి ఇచ్చొస్తనని. తాత చెయ్యి పట్టి ఆయుధపూజ కాడికి తోల్కపోయిండు. కొడవలి, నాగటి కర్రు, వాటి పక్కన కుంకుమ బొట్లతోని డబుల్ బ్యారెల్. ఆయన నిజంగనే దండం పెట్టిండు, పండ్లు మేం తిన్నం.

అన్నలు పోయినంక దాయాల్సిన పని లేకపాయె, పేరు మాత్రం పోలే. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్ల జమ చెయ్యాలె గదా, తాత నంబర్ రాయించి ‘సార్, ముసల్దాన్ని తడి గోడకు ఆనియ్యకుండ్రి’ అని చెప్పొచ్చేటోడు. ఎన్నడూ ఒక్క నేరం చెయ్యనోడు ప్రతిసారి దొంగోని లెక్క లైన్ల నిలబడుడు ఏం న్యాయమో. 2019ల ఆయుధాల చట్టం మార్చి ఒక్కొక్కరికి మూడు తుపాకులు కాదు రెండే అన్నరు, రెన్యువల్ మూడేండ్లది ఐదేండ్లకు చేసిండ్రు, అప్పటికి తాత లేడు, మా ఇంట్ల లైసెన్స్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎవ్వరికీ లేకుండె, సర్కారుకే అప్పజెప్పినం. ఉన్నా ఏం లాభం, పర్మిషన్ లేకుండ చేను మెక్కే అడవిపందిని కాలిస్తే మనమే లోపలికి పోతం. ఇప్పుడు పల్లిచేను చుట్టూ పాత చీరెలు కడుతున్నం. పందులు వాటి కిందికెళ్లి దూరి మెక్కి పోతున్నయ్.