రిసెప్టర్ వయల్ మూత తీసేముందు

విశాఖపట్నం

అమ్మా శ్రావణీ, ఆశీస్సులు.

గ్రోత్ హార్మోన్ రిసెప్టర్ (ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్) పొడి ఉన్న వయల్ వచ్చిందన్నావు. ఉన్నది 50 మైక్రోగ్రాములే, కాబట్టి దాన్ని దేనికి వాడతావో మూత తీయకముందే తేల్చుకో. అందులో కణం బయట ఉండే 246 అమైనో ఆమ్లాల భాగమే ఉంది, దాని చివర మనిషి ఎఫ్‌సీ, అంటే మనిషి యాంటీబాడీ (ఐజీజీ) తోక భాగం, తగిలించారు. సంకేతాన్ని కణంలోపలికి పంపే జాక్2 ఎంజైమ్ అతుక్కునే లోపలి భాగం లేదు గనుక హార్మోన్‌ను పట్టుకుంటుందో లేదో చూడగలవు, సంకేతం మాత్రం చూడలేవు.

ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే తెరవకు. మన సముద్రపు గాలిలోని తేమ చల్లటి పొడి మీద చేరిపోతుంది. అరగంట బల్ల మీద ఉంచి, తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో ఒక నిమిషం తిప్పు. పొడి మూతకు అంటుకుని ఉంటుంది, కంటికి ఆనకపోవచ్చు. ఖాళీ వయల్ పంపారని కంగారుపడకు.

ఆ లాట్‌తో వచ్చిన కాగితం వేరేలా చెప్పకపోతే 500 మైక్రోలీటర్ల స్టెరైల్ పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పునీటి బఫర్) పొయ్. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములవుతుంది. పావుగంట వదిలేసి మెల్లగా అటూ ఇటూ వంచు. వోర్టెక్స్ (గిరగిరా కుదిపే యంత్రం) వద్దే వద్దు, నురగ అంచుల్లో ప్రొటీన్ విప్పుకుపోతుంది.

చాలామంది తప్పేది బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) దగ్గర. పలుచటి ప్రొటీన్ ట్యూబు గోడలకు అంటుకోకుండా 0.1 శాతం బీఎస్‌ఏ కలపమంటారు. నిల్వకు అది మంచిదే. కానీ 0.1 శాతమంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, అంటే నీ రిసెప్టర్‌కు పదింతలు. అదే ద్రావణంతో ఎలైసా (ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకోవడాన్ని రంగుతో చూసే పరీక్ష) ప్లేటు కోట్ చేస్తే బావుల (ప్లేటులోని చిన్న గుంటల) అడుగున చోటంతా బీఎస్‌ఏదే. రిసెప్టర్‌కు బయోటిన్ (గుర్తుగా తగిలించే చిన్న అణువు) తగిలించాలనుకున్నా అంతే, బయోటిన్‌లో ఎక్కువ భాగం దానికే పోతుంది. అందుకే నీ పనికి బీఎస్‌ఏ లేకుండానే కలుపు, ప్రొటీన్ అంతగా అంటుకోని లో-బైండ్ ట్యూబులు వాడు. బయోటిన్ వేసేటప్పుడు ట్రిస్ బఫర్ కూడా వద్దు, అందులోని అమైన్ బయోటిన్ రియేజెంట్‌ను తినేస్తుంది.

కలపగానే 100 మైక్రోలీటర్ల చొప్పున అయిదు ట్యూబుల్లోకి పంచు. ఒక ట్యూబు 10 మిల్లీలీటర్ల పీబీఎస్‌లో కలిపితే మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము, బావికి 100 మైక్రోలీటర్ల లెక్కన ఒక 96 బావుల ప్లేటుకు సరిపోతుంది. కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించే అవసరమే రాదు. మైనస్ 80లో పెట్టు. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ వద్దు, మంచు పేరకుండా అది మధ్యమధ్య వేడెక్కుతుంది. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫాను తర్వాత ఊళ్లో కరెంటు ఎన్నాళ్లు లేదో మీ అమ్మనడుగు. అందుకే రెండు ట్యూబులు జనరేటర్ ఉన్న మరో ల్యాబ్‌లో దాచు.

చివరగా ఎఫ్‌సీ సంగతి. మనిషి ఐజీజీని పట్టే సెకండరీ (రంగు తెప్పించే రెండో) యాంటీబాడీ వాడావో, అది ఎఫ్‌సీనే పట్టుకుని హార్మోన్ లేని బావి కూడా రంగు తిరుగుతుంది. ఎలుక ఐజీజీకి చేసినది కూడా కొంత అడ్డంగా పట్టొచ్చు. బయోటిన్ తగిలించిన హార్మోన్, స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ (బయోటిన్‌ను పట్టే ప్రొటీన్, దానికి తగిలించిన రంగు తెప్పించే ఎంజైమ్) జంటతో వెళ్లు. బఫర్లలో అజైడ్ (సూక్ష్మజీవులు పెరగకుండా కలిపే రసాయనం) ఉండకూడదు, హెచ్‌ఆర్‌పీ పనిచేయదు. ప్రతి ప్లేటులోనూ ఒక వరుస ఉత్త ఎఫ్‌సీతో కోట్ చెయ్యి. ఆ వరుసలోనూ రంగొస్తే హార్మోన్ పట్టుకున్నది రిసెప్టర్‌నని చెప్పలేం.

పెదనాన్న